లీటర్లు పెరిగాయి సరే, పాలు పోసేవాళ్ళు ఎక్కడికి పోయారు? సంఘం లెక్కలు మనమే చూసుకునే పద్ధతి

పోయినేడాది మా పాల సంఘం సర్వసభ్య సమావేశంలో నేను చదివిన మొదటి వాక్యం "ఈ ఏడాది మన పాల సేకరణ పెరిగింది" అని. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దామె లేచి, "లీటర్లు పెరిగినాయి సరే పాపా, మా వీధిలో తొమ్మిదిమందిమి పాలు పోస్తా ఉంటిమి, ఇప్పుడు నలుగురమే ఉండాము, అది ఆ కాగితంలో ఉందా?" అని అడిగింది. ఆ కాగితంలో అది లేదు. పలమనేరు దగ్గర ఈ మహిళా సంఘానికి నేను ఐదేళ్లుగా లెక్కలు రాస్తున్నాను, రోజూ రెండు పూటలా ప్రతి మనిషి పోసిన పాలూ ఆ రిజిస్టర్‌లోనే ఉన్నాయి, అయినా ఆమె అడిగిన దానికి జవాబు నా దగ్గర లేదు.

ఆ రోజు నుంచి లెక్కలు చూసే పద్ధతే మార్చుకున్నాం. ఏం చేశామో, ఎలా చేశామో వివరంగా రాస్తున్నాను. మా ఉదాహరణలన్నీ పాలవే. మీది డ్వాక్రా సమాఖ్య కావచ్చు, మామిడి రైతుల కంపెనీ కావచ్చు, తిరుపతిలో పిల్లలకు సాయంత్రం చదువు చెప్పే చిన్న ట్రస్టు కావచ్చు, పద్ధతి మాత్రం పనికొస్తుంది. పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు, ఒక ఫోనూ, గూగుల్ షీటూ, నెలకు ఒక పూట టైమూ ఉంటే చాలు.

ముందు లక్ష్యాన్ని తీసుకుని దాన్ని నిలదీయండి

మా బైలాలో (సంఘం నియమావళిలో) మొదటి లక్ష్యం "సభ్యుల ఆదాయం పెంచడం" అని ఉంది. దాదాపు ప్రతి సంఘం కాగితాల్లోనూ ఇలాంటి వాక్యమే ఉంటుంది. మేము కొలుస్తున్నది మాత్రం లీటర్లు. లీటరు సంఘానికి ఆదాయం, సభ్యురాలికి ఆదాయం అనేది దాణా, గడ్డి, మందుల ఖర్చు పోగా చేతిలో మిగిలేది. లెక్క కోసం ఇలా అనుకోండి, లీటరు ధర 32 నుంచి 35 రూపాయలైంది, అదే సమయంలో లీటరుకు పడే మేత ఖర్చు 20 నుంచి 24 అయింది. ధర మూడు రూపాయలు పెరిగిందని బోర్డు మీద రాసుకుంటాం, ఆమెకు మిగిలేది మాత్రం 12 నుంచి 11కి తగ్గింది.

అందుకని లక్ష్యం పక్కన నాలుగు విషయాలు రాయండి. ఏ అంకె, ఈరోజు అది ఎంత, ఎప్పటికి ఎంత కావాలి, దాన్ని ఎవరు చూస్తారు. "వచ్చే మార్చి నాటికి, ఒకటి రెండు ఆవులున్న సభ్యులకు మేత ఖర్చు పోగా లీటరుకు మిగిలేది 11 నుంచి 13 రూపాయలు కావాలి, ఈ లెక్క చూసేది ఫలానా డైరెక్టరు" అని రాస్తే, ఏడాది తర్వాత అయిందా కాలేదా అన్న దాని మీద వాదన ఉండదు. "ఈరోజు ఎంత" అన్నది ఖాళీగా వదిలేసి లక్ష్యం పెట్టుకోవద్దు, అలా పెట్టుకున్నవి మా సంఘంలో ఒక్కటి కూడా చివరిదాకా నిలవలేదు.

మేత ఖర్చు అందరి దగ్గరా తీసుకోవడం కుదరదు. మేము ఇరవై ఇళ్ళు ఎంచుకున్నాం, ఆ ఇరవైని ఎంచుకునే తీరులోనే అసలు విషయం ఉంది. మీటింగుకి వచ్చేవాళ్ళనీ, బాగా మాట్లాడేవాళ్ళనీ తీసుకుంటే లెక్క అందంగా వస్తుంది, ఎందుకంటే వాళ్ళు ఎక్కువగా బాగా నడుస్తున్న ఇళ్ళవాళ్ళే. రిజిస్టర్ ముందేసుకుని వరసగా ప్రతి పదో నంబరూ తీసుకోండి, ఆ నంబరు ఎవరిదైతే వాళ్ళింటికే వెళ్ళండి, ఊరి చివర ఉన్నా సరే.

రిజిస్టర్ శుభ్రంగా లేకపోతే మిగతాదంతా వృథా

ఇక్కడ మాకు తగిలిన దెబ్బలు కొన్ని చెబుతాను, మీకు తగలకుండా ఉండాలని.

పేర్లతో లెక్క కట్టొద్దు. ఒకే మనిషి పేరు ఒక పూట లక్షమ్మ, ఇంకో పూట లక్ష్మమ్మ, మరో పూట ఇంటి పేరుతో సహా పడుతుంది, షీట్‌లో ముగ్గురు మనుషులైపోతారు. ప్రతి సభ్యురాలికీ ఒక కోడ్ నంబరు ఇచ్చి, షీట్‌లో ఆ కోడ్‌నే వాడండి. ఒక వరసలో తేదీ, పూట, కోడ్, పరిమాణం, ఫ్యాట్ (వెన్న శాతం), ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాకుండా పాలలో ఉండే ఘనపదార్థాల శాతం), డబ్బు, ఇంతే ఉండాలి. మధ్యలో మొత్తాలు, ఖాళీ వరసలు, రంగులు పెట్టొద్దు. మొత్తాలు వేరే షీట్‌లో పివట్ టేబుల్‌తో (వరసల్ని గుంపులు చేసి తనే కూడి చూపించే పట్టికతో) వస్తాయి, అది నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు.

రెండోది, లీటరా కిలోనా. ఒక లీటరు పాలు సుమారు 1.03 కిలోల బరువుంటాయి. మా పాల సేకరణ సెంటర్లో కొలపాత్ర తీసేసి కాటా పెట్టిన నెలలో సేకరణ మూడు శాతం పెరిగినట్టు కనిపించింది. అప్పుడు మేమంతా సంతోషపడ్డాం కూడా. 1000 లీటర్లు కాగితం మీద 1030 అయ్యాయి, అది బరువు అంకె అని తెలుసుకోవడానికి మాకు రెండు బిల్లులు పట్టింది. కొలిచే పద్ధతి మార్చిన తేదీని షీట్‌లోనే ఒక గడిలో రాసి పెట్టండి, రేపు మీ తర్వాత వచ్చేవాళ్ళు ఆ తేదీకి ముందూ వెనకా ఉన్న అంకెల్ని కలిపి పోల్చకుండా ఉంటారు.

మూడోది ఫ్యాట్ సగటు. ఒకామె 100 లీటర్లు 3.5 ఫ్యాట్‌తో పోసింది, ఇంకొకామె 10 లీటర్లు 5.5తో పోసింది అనుకోండి. రెండూ కూడి రెండుతో భాగిస్తే 4.5 వస్తుంది, ఆ రెండూ కలిపిన క్యాన్‌లో ఉండేది మాత్రం సుమారు 3.68. లీటర్లతో గుణించి, మొత్తం కూడి, మొత్తం లీటర్లతో భాగించాలి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, సెంటర్ లెక్కకూ, పాలు చల్లబరిచే చిల్లింగ్ సెంటర్ లెక్కకూ తేడా వస్తోందని ఒకరినొకరు అనుమానించుకునే గొడవల్లో ఈ తప్పు కూడా దాగి ఉంటుంది. ఆ తేడా ఫ్యాట్ చూసే మిషన్ వల్ల కూడా రావచ్చు. అందుకే వారానికోసారి అదే పాల నమూనాని పాత గెర్బర్ పద్ధతిలో (యాసిడ్ కలిపి గాజు గొట్టంలో ఫ్యాట్ కొలిచే పరీక్షలో) కూడా పరీక్ష చేయించి, మిషన్ చూపించిన అంకె పక్కన దాన్ని రాయండి.

దేనితో పోల్చాలి

పోయిన నెలతో పోల్చడం అందరికీ అలవాటు. జనవరి నుంచి ఫిబ్రవరికి వస్తే మూడు రోజులు తగ్గుతాయి. రోజుకు సరిగ్గా 400 లీటర్లు వచ్చినా జనవరిలో 12,400, ఫిబ్రవరిలో 11,200, అంటే ఎవరూ ఏ తప్పూ చేయకుండానే దాదాపు 10 శాతం పడిపోయినట్టు కనిపిస్తుంది. నెల మొత్తం చూడొద్దు, రోజు సగటు చూడండి. మన వైపు ఎండాకాలం పచ్చిగడ్డి ఉండదు, పాలు తగ్గుతాయి, అక్టోబరు తర్వాత వానలు పడ్డాక మళ్ళీ పెరుగుతాయి. కాబట్టి మే నెలని పోయిన మే నెలతోనే పోల్చాలి, ఏప్రిల్‌తో కాదు. ఉదయం పూటని సాయంత్రం పూటతో కూడా పోల్చొద్దు, పితికే మధ్య ఎడం తక్కువైతే ఫ్యాట్ ఎక్కువ వస్తుంది, అందుకే మామూలుగా సాయంత్రం పాలలో ఫ్యాట్ కాస్త పైనే ఉంటుంది.

పోల్చే ఏడాది మామూలు ఏడాదేనా అని కూడా అడగాలి. మామిడి రైతుల సంఘాలవాళ్ళకి ఇది బాగా తెలుసు. 2025 సీజన్లో తోతాపురి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా నిర్ణయం చేయాల్సి వచ్చింది. ఆ ఏడాదిని పునాదిగా పెట్టుకుంటే తర్వాత వచ్చే ఏ ఏడాదైనా గొప్పగానే కనిపించవచ్చు. రెండు మూడేళ్ళ సగటు పెట్టుకోవడం మంచిది. అలాగే జిల్లా అంకెలు వాడేవాళ్ళకి ఒక మాట. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక చిత్తూరు జిల్లా అంటే పాత చిత్తూరు కాదు, శ్రీకాళహస్తి, చంద్రగిరి తిరుపతి జిల్లాలోకి వెళ్ళాయి, గూడూరు, సూళ్లూరుపేట నెల్లూరు నుంచి తిరుపతిలోకి వచ్చాయి. ఆ తేదీకి అటూ ఇటూ ఉన్న జిల్లా అంకెల్ని పక్కపక్కన పెట్టి "తగ్గింది" అని రాసిన రిపోర్టులు నేను చూశాను. మండలాల వారీగా తీసుకుంటే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

సగటుని విడగొట్టండి

పెద్దామె అడిగిన ప్రశ్నకి జవాబు ఇక్కడ దొరికింది. మా అసలు అంకెలు కాకుండా గుండ్రటి అంకెలతో చెబుతాను. పోయినేడాది 100 మంది రోజుకు 500 లీటర్లు పోశారు, మనిషికి 5. ఈ ఏడాది 80 మంది 560 లీటర్లు పోశారు, మనిషికి 7. సేకరణ 12 శాతం పెరిగింది, సగటు 40 శాతం పెరిగింది, చప్పట్లు కొట్టాల్సిందే. ఇప్పుడు ఆ మనుషుల్ని రెండు గుంపులు చేయండి, ఒకటి రెండు ఆవులున్నవాళ్ళు, అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్ళు. మొదటి గుంపు 60 నుంచి 38కి వచ్చింది, రెండో గుంపు 40 నుంచి 42 అయింది. ఎవరి కోసం సంఘం పెట్టామో వాళ్ళు ఇరవై రెండు మంది వెళ్ళిపోయారు, సగటు పెరగడంలో కొంత భాగం వాళ్ళు వెళ్ళిపోవడం వల్లే, ఎందుకంటే తక్కువ పోసేవాళ్ళు లెక్కలోంచి పోతే మిగిలినవాళ్ళ సగటు దానంతటదే పైకి వెళ్తుంది.

అందుకే ఏ సగటు చూసినా ముందు "ఎంతమంది మీద" అని అడగండి, తర్వాత గుంపులుగా విడగొట్టండి. ఆవుల సంఖ్య, వీధి, కొత్తగా చేరినవాళ్ళు, ఒంటరి ఆడవాళ్ళు, ఇలా మీ సంఘానికి ఏది ముఖ్యమో దాన్ని బట్టి. ట్రస్టులో పిల్లలకు చదువు చెప్పేవాళ్ళు కూడా ఇది చేయాలి, మధ్యలో మానేసిన పిల్లల్ని తీసేసి మిగిలినవాళ్ళ మార్కుల సగటు చూస్తే ఎప్పుడూ బాగానే ఉంటుంది.

విడగొట్టాక ఆగిపోకండి, మనిషి దాకా వెళ్ళండి. మేము ఇప్పుడు ప్రతి పదిరోజుల బిల్లుతో పాటు ఒక చిన్న జాబితా తీస్తాం, పోయిన బిల్లులో పేరుండి ఈ బిల్లులో లేనివాళ్ళు ఎవరు అని. షీట్‌లో రెండు కోడ్‌ల వరసలు పక్కపక్కన పెట్టి కౌంట్‌ఇఫ్ (ఒక కోడ్ ఎన్నిసార్లు ఉందో లెక్కించే సూత్రం) వాడితే, సున్నా వచ్చిన చోట మనిషి లేనట్టే. మామూలుగా నలుగురైదుగురు ఉంటారు. ఆ వారంలోనే ఒక డైరెక్టరు వాళ్ళింటికి వెళ్తుంది లేదా ఫోన్ చేస్తుంది, కారణం అడిగి ఐదింటిలో ఒకటి రాస్తుంది. ఆవు చూడితో (గర్భంతో) ఉండి వట్టిపోయింది (పాలివ్వడం ఆపింది). వట్టిపోయింది, చూడి లేదు. ఆవుని అమ్మేశారు. వేరే డెయిరీ బండికి పోస్తున్నారు. ఇంట్లో చూసుకునే మనిషి లేరు.

ఈ ఐదూ విడిగా రాయడం ఎందుకంటే ఒక్కోదానికి చేయాల్సిన పని వేరు. మొదటిదానికి ఏమీ చేయక్కర్లేదు, ఆమె రెండు నెలల్లో తిరిగి వస్తుంది. రెండోదానికి డాక్టరు కావాలి. మూడోదానికి అప్పటికే ఆలస్యమైపోయింది, కానీ ఎందుకు అమ్మారో అడిగితే తర్వాతివాళ్ళని కాపాడుకోవచ్చు. నాలుగోది వస్తే మన దగ్గరే లోపం ఉంది, బిల్లు ఆలస్యమా, ఫ్యాట్ మీద నమ్మకం పోయిందా, సెంటర్లో ఎవరైనా దురుసుగా మాట్లాడారా తెలుసుకోవాలి. ఐదోదానికి మా వైపు ఎక్కువగా ఉండే కారణం కొడుకూ కోడలూ బెంగళూరులో పనికి వెళ్ళడం, పెద్దవాళ్ళు గడ్డి కోసుకుని రాలేకపోవడం. అలాంటి ఇళ్ళు మూడు ఒకే వీధిలో కనిపించాక, అక్కడికి పచ్చిగడ్డి ఆటో పంపాలన్న ఆలోచన వచ్చింది, ఆ ఆలోచన ఏ సగటులోంచీ వచ్చేది కాదు.

ఇలా ఇంటికి వెళ్ళినప్పుడు ఒక్క జాగ్రత్త. "ఎందుకు మానేశారు" అని తప్పు పట్టినట్టు అడిగితే "ఏం లేదులే అమ్మా, వచ్చే వారం పోస్తాం" అంటారు, అంతే. "ఆవు ఎట్లుంది అక్కా" అని మొదలుపెడితే అసలు సంగతి దానంతటదే వస్తుంది.

రాబోయేది చెప్పే అంకె ఒకటి పెట్టుకోండి

లీటరు అనేది అయిపోయిన పని ఫలితం. తగ్గిందని తెలిసేసరికి చేయగలిగింది పెద్దగా ఉండదు. పాలలో ముందుగా తెలిసే అంకె చూడి లెక్క. ఆవు గర్భకాలం సుమారు 280 రోజులు, అంటే జూన్‌లో చూడి కట్టడానికి వేసిన సూది నిలిచిన ఆవు మార్చిలో ఈనుతుంది. ఈరోజు ఊళ్ళో ఎన్ని ఆవులు చూడితో ఉన్నాయో తెలిస్తే వచ్చే ఏడాది ఏ నెలలో ఎన్ని పాలు వస్తాయో అటూ ఇటూగా ఇప్పుడే చెప్పొచ్చు. ఎండాకాలం ఆవులకి ఎద సరిగా కనిపించదు, ఆ రెండు మూడు నెలలు సూదులు తగ్గితే దాని దెబ్బ మరుసటి ఏడాది మొదట్లో తగులుతుంది, అప్పుడు అందరం ధర గురించో దాణా గురించో మాట్లాడుకుంటాం, అసలు కారణం పోయిన ఏడాది ఎండల్లో ఉంటుంది.

కాబట్టి మూడు నెలలకోసారి ప్రతి ఇంట్లో మూడు ప్రశ్నలు అడగండి. ఎన్ని ఆవులు, ఎన్ని చూడి కట్టాయి, ఈని నాలుగు నెలలు దాటినా చూడి కట్టనివి ఎన్ని. మూడో అంకె మీద కన్ను పెట్టండి, ఆ ఆవులు త్వరలో పాలు మానేసి మేత మాత్రం తింటుంటాయి, ఒకే ఆవు ఉన్న ఇంట్లో అదే జరిగితే అమ్మేయడం తప్ప దారి ఉండదు. మీ పని పాలు కాకపోతే మీకు ఇలాంటి అంకె ఏదో వెతుక్కోండి. పొదుపు సంఘానికి అది కంతు రెండు రోజులు ఆలస్యంగా కట్టినవాళ్ళ సంఖ్య కావచ్చు, ట్యూషన్‌కి వరసగా మూడు రోజులు రాని పిల్లల సంఖ్య కావచ్చు.

అంకె మీద బహుమతి పెట్టేముందు

మా దగ్గర ఒకసారి, విరిగిన పాలు తక్కువ వచ్చిన సెంటర్‌కి చిన్న ప్రోత్సాహకం ఇద్దామని నిర్ణయించారు. రెండు నెలల్లో విరిగిన పాల అంకె దాదాపు సున్నాకి వచ్చింది. పాలు విరగడం ఆగలేదు, రాయడం ఆగింది, విరిగినవి రిజిస్టర్‌లో ఎక్కకుండానే వెనక్కి పంపేశారు. బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి రాస్తూ ఈ మాటే చెప్పాడు, ఒక అంకెని పట్టుకుని అదుపు చేయాలని ఒత్తిడి పెడితే అంతదాకా ఆ అంకె చూపించిన సంబంధం చెడిపోతుంది అని. మేము చేసిన మార్పు ఏంటంటే, ప్రతి ముఖ్యమైన అంకె పక్కన దాన్ని తనిఖీ చేసే ఇంకో అంకె పెట్టడం. విరిగిన పాలు తగ్గితే, ఇంటికి తిరిగి వెళ్ళిన పాలు పెరిగాయా అని సభ్యుల్నే అడుగుతాం. లీటర్లు పెరిగితే మనుషుల సంఖ్య చూస్తాం. ప్రోత్సాహకం మాత్రం అంకెల మీద ఇవ్వడం మానేశాం.

నెలకో కాగితం, అరగంట మాట

మా బోర్డు మీద ఇప్పుడు ఐదే అంకెలుంటాయి. పాలు పోసిన సభ్యులు, అందులో ఒకటి రెండు ఆవులవాళ్ళు, రోజు సగటు లీటర్లు, మేత పోగా లీటరుకు మిగిలింది, చూడి కట్టని ఆవులు. ప్రతి దాని పక్కన పోయినేడాది ఇదే నెల అంకె. సెంటర్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాస్తాం, చదవడం రానివాళ్ళు ఉంటారు కాబట్టి మీటింగులో గట్టిగా చదువుతాం కూడా. గ్రాఫులు పెట్టి చూశాం, మా దగ్గర ఎక్కువమందికి ఎక్కలేదు, రెండు అంకెలు పక్కపక్కన ఉంటే అందరికీ అర్థమైంది.

మీటింగులో అంకె చదివాక "ఎందుకు" అని ముందు సభ్యుల్ని అడగండి, మీరు చెప్పకండి. వాళ్ళు చెప్పిన కారణం షీట్‌లో సరిచూడండి. ఆ తర్వాత ఏం చేయాలో, ఎవరు చేయాలో, ఏ తేదీకో మినిట్స్‌లో రాసి, వచ్చే నెల మీటింగు ఆ వాక్యంతోనే మొదలుపెట్టండి. ఇంకొకటి, అంకె ఎక్కడిదాకా పడితే ఏం చేస్తామో పడకముందే నిర్ణయించుకోవాలి. చిన్న సభ్యులు వరసగా రెండు నెలలు తగ్గితే డాక్టరు క్యాంపు పెడతామని ముందే తీర్మానం ఉంది కాబట్టి, మొన్న తగ్గినప్పుడు "ఇంకో నెల చూద్దాం" అన్న మాట ఎవరి నోటా రాలేదు. సభ్యుల పేర్లూ, ఎవరికెంత వచ్చిందన్నదీ మాత్రం బోర్డు మీద పెట్టొద్దు, అది ఆమె పాస్‌బుక్‌లో ఉండాల్సిన సంగతి.

అంకెలు పెంచుకుంటూ పోకండి. వరసగా మూడు మీటింగుల్లో ఏ అంకె గురించి ఎవరూ అడగలేదో, దాని వల్ల ఏ నిర్ణయమూ మారలేదో దాన్ని తీసేసి ఆ టైము ఇంటికి వెళ్ళడానికి వాడండి.

మీరు ఇప్పుడే మొదలుపెడుతుంటే, పాత రిజిస్టర్లన్నీ ఎక్కించాలని కూర్చోవద్దు, అక్కడే చాలామంది అలసిపోతారు. పోయినేడాది ఇదే నెలదీ ఈ నెలదీ, రెండు నెలలే ఎక్కించండి. రెంటిలో ఉన్న కోడ్‌లు తీసేసి, అప్పుడుండి ఇప్పుడు లేనివి ఒక కాగితం మీద రాసుకోండి. మా కాగితం మీద మొదటి కోడ్ ఆ పెద్దామె పక్కింటిది. ఆమె ఆవు చూడి కట్టక అమ్మేసిందని, బ్యాంకు లోను ఇప్పిస్తే మళ్ళీ కొనుక్కుంటానని చెప్పింది, ఆ దరఖాస్తు పోయిన సోమవారం ఇచ్చాం.